అంచు చెప్పు సాక్ష్యము

పుట్టుకతో వచ్చిన లోపమును, నడుమ కలిగిన లోపమును ఒకే త్రాసున తూచుట న్యాయమా? ఈ ప్రశ్నను మేము మిక్కిలి చిన్న వస్తువును ముందుంచుకొని విచారింపదలచితిమి. అది కెనడా దేశపు బాలురు చూయింగు గమ్ముతో కొనుచుండిన హాకీ కార్డు. మంచుగడ్డపై హాకీ యాడు వీరుల బొమ్మ దానిపై నుండును.

ఒంటారియో రాష్ట్రమునందలి లండన్ నగరపు ఓపీచీ కంపెనీ ఈ కార్డులను వెలువరించెడిది. పెద్ద అట్టపై వరుసలుగా అచ్చొత్తిన బొమ్మలను తీగతో కోసెడివారు. కత్తి అట్టను తెగగోయును. తీగ కొంత కోసి కొంత చీల్చును. అందుచే అంచున పీచు లేచి గరుకుగా నుండును. 1979-80 సంవత్సరపు వేన్ గ్రెట్జ్‌కీ తొలి కార్డునకు ఇంకొక చిక్కు గలదు. దాని చుట్టు నీలిరంగు పట్టీ యుండుటచే ఆవగింజంత పెచ్చూడినను తెల్లని అట్ట బయటపడును.

నేడు పరీక్షకులు మూలలు, అంచులు, పైతలము, బొమ్మ నడుమ నున్నదా లేదా యనునది చూచి, ఒకటి మొదలు పదివరకు అంకె నిత్తురు. పది పొందిన గ్రెట్జ్‌కీ కార్డొకటి 2021 మే నెలలో 37 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడుపోయెను. ఓపీచీ గరుకును పరీక్షకులు కొంతవరకు సహింతురనుట నిజమే. కాని పీచు మితిమీరినచో అంకె తగ్గును. పెట్టె తెరచిననాటినుండి కార్డును చేతితోనైన నలుపక దాచిన బాలుడు యంత్రము చేసిన తప్పునకు దండుగ చెల్లించును. పుట్టుకను నడవడిగా లెక్కించు అలవాటు మనుష్యులకు అట్టముక్కలతోనే ఆరంభము కాలేదు లెండు!

పరీక్షకుడు వస్తువు స్థితిని చెప్పునే గాని యజమాని గుణమును గాదని కొందరందురు. ఈ మాటను మేము త్రోసివేయజాలము. కొనువాడు కంటికి నచ్చినదానికి హెచ్చు వెల యిచ్చుట తప్పు గాదు. అయితే ఒక్క అంకె భేదమునకు వేలకొలది డాలర్లు పలుకుచోట కత్తెరకు పని కలుగును.

ఇందుకు తార్కాణము హోనస్ వాగ్నర్ కార్డు. 1909-11 నడుమ పొగాకు కంపెనీవారు సిగరెట్టు పెట్టెలలో నుంచిన బేస్‌బాలు కార్డులలో నదియొకటి. దానిని 1991లో 4 లక్షల 51 వేల డాలర్లకు వేలమున కొన్న యిద్దరిలో ఒకడు, చిత్రమేమనగా, ఆ గ్రెట్జ్‌కీయే. పరీక్షకులు ఆ కార్డునకు ఎనిమిది యిచ్చిరి. వాడియైన దాని అంచులను లోకము మెచ్చెను. తానే వాని ప్రక్కలను కత్తిరించితినని వేలముల వర్తకుడొకడు 2013లో న్యాయస్థానమున ఒప్పుకొనెను.

కావున కర్మాగారపు కోతను వేరుగా పేర్కొని, అరుగుదలను వేరుగా లెక్కింపవలెనని మా అభిప్రాయము. ఒక్క అంకెలో రెంటిని కలిపినచో చదువరికి ఏది యెవరి తప్పో తెలియదు. కత్తిరించిన అంచు నున్నగా నుండును. నకిలీ కార్డు అంచును తరచుగా అట్లే యుండును. అందుచేతనే ఓపీచీ కార్డును కొనబోవు అనుభవశాలి నేడు భూతద్దము పట్టి, అంకె తగ్గించు ఆ పీచునే అంచున వెదకుచున్నాడు.