కర్రసాము ఎవరి సొత్తు?

మన ఊళ్లలో పెద్దలు నేర్పిన కర్రసాము వరసల్ని మన పేరుతో రిజిస్టరు చేయించుకోవచ్చా అని సూళ్లూరుపేట వైపు చదువుకున్న మన పిల్లలు అడుగుతున్నారు. అడగడంలో న్యాయం ఉంది. రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు శ్రీహరికోట అడవి పోయింది, అక్కడి యానాది కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి. చేతిలో మిగిలిన విద్యనైనా కాపాడుకుందామనుకోవడం సహజమే.

ముందు చట్టం సంగతి చూద్దాం. 1957 నాటి కాపీరైటు చట్టం నాట్య రచనను గుర్తిస్తుంది. అయితే దాన్ని రాతలోనో మరో రూపంలోనో భద్రపరచి ఉండాలి. దానికి ఒక కర్త ఉండాలి, ఆయన పోయాక 60 ఏళ్లకు ఆ హక్కు ముగిసిపోతుంది. మన వరసకు కర్త ఎవరు? తాతకు వాళ్ల మామ నేర్పాడు, ఆ మామకు ఇంకెవరో నేర్పారు. పైగా సాము అనేది దెబ్బ కొట్టే, దెబ్బ కాచుకునే పద్ధతి. పద్ధతి కాపీరైటుకు దొరకదు. అమెరికాలో బిక్రమ్ చౌదరి 26 ఆసనాలు, రెండు శ్వాస అభ్యాసాల వరస తనదేనని వాదిస్తే, 2015లో అక్కడి అప్పీలు కోర్టు కాదంది. అంతకు ముందు ఏడాది ఢిల్లీ హైకోర్టు కూడా ప్రాణిక్ హీలింగ్ కేసులో ఇదే దారి పట్టింది. పుస్తకం మీద హక్కు వేరు, అందులోని సాధన చేయడం వేరు. పేటెంటు మాట ఎత్తనే అక్కర్లేదు, సంప్రదాయ జ్ఞానానికి అది ఇవ్వరు.

పేరు సంగతీ అంతే. పిలాటిస్ అనే వ్యాయామం పేరు మీదున్న ట్రేడ్‌మార్కును 2000లో న్యూయార్క్ కోర్టు రద్దు చేసింది, అది అందరూ వాడే మాట అయిపోయిందని. మరి శ్రీకాళహస్తి కలంకారీకి, తిరుపతి లడ్డూకి భౌగోళిక గుర్తింపు ఇచ్చారు కదా అంటారు. అది సరుకుకు ఇచ్చేది. కర్ర తిప్పడం సరుకు కాదు.

ఈ జవాబు మాకు నిరాశ కలిగించలేదు. తడ దాటి తమిళనాడులో అడుగుపెడితే అక్కడ కర్ర పట్టినవాడు దాన్ని సిలంబం అంటాడు. ఏ అడుగు ఎటు నుంచి ఎటు వచ్చిందో ఎవరు తేలుస్తారు? ఒకవేళ రిజిస్టరు చేసే వీలే ఉంటే ఆఫీసు ముందు మొదట నిలబడేది మనమా? వకీలును పెట్టుకోగల అకాడమీవాళ్లు. అప్పుడు మన తాత సొంత మనవడికి నేర్పడానికి వాళ్ల అనుమతి అడగాల్సి వచ్చేది.

అయినా అందరిదీ అన్న మాట దగ్గర మేము ఆగిపోలేం. డబ్బున్నవాడి నోట ఆ మాటకు ఒక అర్థం, మన నోట మరో అర్థం. పేట నుంచి వచ్చినవాడు తాత దగ్గర నేర్చుకోవడం దొంగతనం కాదు. నేర్చుకుని, అది తానే కనిపెట్టిన శైలి అని బోర్డు కట్టి, సర్టిఫికెట్లు అమ్మితే అది అబద్ధం. తప్పు తీసుకోవడంలో లేదు, ఎక్కడిదో దాచడంలో ఉంది. ఆ తప్పుకు చాలావరకు చట్టంలో శిక్ష లేదు.

చట్టం ఇచ్చేవాటిని మాత్రం మనం వదులుకోకూడదు. సంఘంగా ఏర్పడితే మన బృందం పేరును, గుర్తును 1999 ట్రేడ్‌మార్కు చట్టం కింద సామూహిక మార్కుగా నమోదు చేసుకోవచ్చు. అప్పుడు సభ్యులు కానివాళ్లు ఆ గుర్తుతో బడి తెరవలేరు. ఇక కాపీరైటు చట్టంలో ప్రదర్శకుడు ఎవరో చెప్పేచోట నటుడు, గాయకుడి పక్కనే పాములాడించేవాడినీ లెక్కించారు. పాములు పట్టే మన జాతికి ఇది చదివితే కాస్త నవ్వొస్తుంది. ఏ ప్రదర్శన ఇచ్చేవారైనా అందులోకి వస్తారు. అంటే జనం ముందు కర్ర తిప్పే మన పెద్దాయన ప్రదర్శనను ఆయన ఒప్పుకోలు లేకుండా వీడియో తీసి అమ్ముకోవడం కుదరదు.

సరిహద్దు అవతల ఇరులర్లు పాములు పట్టే విద్య తమ ఒక్కరిదేనని కోర్టుకు వెళ్లలేదు. తోళ్ల వ్యాపారం చట్టం కింద ఆగిపోయాక, 1978లో సహకార సంఘం పెట్టుకుని విషం తీసి అమ్మే పనిని చేతిలోకి తెచ్చుకున్నారు.

బడిలో పిల్లలతో కర్ర పట్టించే ఉపాధ్యాయులు ఒక పని చేయవచ్చు. వరస పేరు, నేర్పినవారి పేరు, ఆయనకు నేర్పినవారి పేరు, ఊరు, తేదీ ఒక నోటుబుక్కులో రాయించాలి. రేపు ఎవరైనా మాదేనని వస్తే చూపడానికి ఉంటుంది.

ఒక ప్రశ్న మాత్రం మా మధ్య ఇంకా తేలలేదు. బయటివాళ్లు ఫీజు కట్టి నేర్చుకోవడానికి వస్తే ఆ డబ్బు నేర్పిన తాతకు చెందాలా, గూడెం మొత్తానికా? తాతకే అని కొందరు, ఆయనకు నేర్పింది గూడెమే కదా అని కొందరు.