పేరు ఎవరి ఖాతాలో?

ముప్పై ఏళ్లు బ్యాంకులో పనిచేసినవాడికి ఒక దురలవాటు పట్టుకుంటుంది. ఏ కాగితం చేతికొచ్చినా ముందు అడుగున ఉన్న సన్నక్షరాలు చదువుతాడు. మా అమ్మాయి సెలవులకి బెంగుళూరు నుంచి వస్తూ తెచ్చుకున్న బొమ్మల పుస్తకం సోఫా మీద కనిపిస్తే నేను చేసిన పనీ అదే. అమెరికా ఆడవాళ్ల కుస్తీ కథ. పేరు ‘విమెన్స్ ఎవల్యూషన్’. టీవీలో వచ్చే డబ్ల్యూ.డబ్ల్యూ.ఇ. కుస్తీ కథల్ని బొమ్మల్లోకి దింపి బూమ్ స్టూడియోస్ అనే ప్రచురణ సంస్థ వేసిన వరుసలో, 2018లో వచ్చిన సంపుటం. రచయిత డెన్నిస్ హోప్‌లెస్. నేను బొమ్మలు చూడకుండానే హక్కుల పేజీకి వెళ్లాను. అక్కడ ఉన్నదాని సారాంశం ఇది: ఆ కుస్తీ మనుషుల పేర్లు, రూపాలు, పోలికలు, ఊతపదాలు, చివరికి వాళ్లు పట్టే పట్లు కూడా కంపెనీ సొంత ఆస్తి.

పట్లు కూడా! కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను.

“ఎవరు గెలవాలో ముందే అనుకుని ఆడే ఆట. అబద్ధపు కుస్తీకి ఇంత దస్తావేజు ఎందుకమ్మా?” అన్నాను.

“మీ తాతయ్య బళ్లారి రాఘవ హరిశ్చంద్రుడి వేషం చూసి కళ్లు తుడుచుకున్నారని ఎన్నిసార్లు చెప్పావు నాన్నా! ఆయనకి అది నాటకమని తెలీదా?” అంది అది.

మా ఊరి రాఘవనే నా మీదికి తెచ్చాక ఇక మాట్లాడేదేముంది? నిజానికి ఈ ప్రశ్నని మన ఆలంకారికులు వెయ్యేళ్ల కిందటే తిరగేసి చూశారు. శంకుకుడు అనే ఆయన బొమ్మగుర్రం ఉదాహరణ చెప్పాడు. చిత్రతురగ న్యాయమంటారు. గోడ మీద గుర్రం బొమ్మ చూసి ‘గుర్రం’ అంటాం. అది నిజం గుర్రమని మోసపోయి అనం. అబద్ధమనీ అనం. అవునా కాదా అన్న సందేహమూ ఉండదు, గుర్రం లాంటిదేదో అన్న పోలికా ఉండదు. ఈ నాలుగూ కాని ఒక విడి ఎరుక అది. వేషగాణ్ణి చూసి రాముడనుకోవడమూ అలాంటిదే అన్నాడు. అభినవగుప్తుడు ఆయన వాదాన్ని ఒప్పుకోలేదనుకోండి, అది వేరే సంగతి. నాకు మాత్రం ఆ గుర్రం చాలు. కుస్తీవాళ్లు పైకి ఈ నటనని నిలబెట్టడాన్ని ‘కేఫేబ్’ అంటారట. చూసేవాడికీ తెలుసు, ఆడేవాడికీ తెలుసు. ఇందులో మోసపోయినవాడు లేడు. కాబట్టి ‘అబద్ధం’ అన్న నా ఆక్షేపణని వెనక్కి తీసుకున్నాను.

అయితే, ఆ గుర్రం ఎవరిదో శంకుకుడు చెప్పలేదు. గోడ మీది గుర్రానికి గడ్డి పెట్టక్కర్లేదు. ఈ బొమ్మల వెనక ఉన్నవాళ్లకి ఎముకలున్నాయి.

కథ తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. ఆ కంపెనీ తన ఆడ కుస్తీగత్తెల్ని చాలా ఏళ్లు ‘దివా’లని పిలిచింది. మగవాళ్ల రెండు పెద్ద పోటీల మధ్య జనం కాఫీకి లేచివెళ్లే సమయంలో వాళ్ల ఆట పెట్టేది. 2015 ఫిబ్రవరి 23న నలుగురు ఆడవాళ్ల జోడీ కుస్తీ దాదాపు అర నిమిషంలో ముగిసిపోయింది. వాళ్లకి ఒక అవకాశం ఇవ్వమంటూ ప్రేక్షకులే ఊరూవాడా గొడవ చేశారు. ఆ జూలై 13న యజమాని కూతురు స్టెఫనీ మక్‌మాన్ స్వయంగా వేదిక మీదికి వచ్చి షార్లెట్, బెకీ లించ్, సాషా బ్యాంక్స్ అనే ముగ్గుర్ని పరిచయం చేసింది. వాళ్లతో కలిసి ఎదిగిన బేలీ నాలుగోది. 2016 ఏప్రిల్‌లో ‘దివా’ పట్టం తీసేసి మహిళల చాంపియన్ పట్టం పెట్టారు. 2019 ఏప్రిల్ 7న రెసిల్‌మేనియాలో చివరి పోటీ, అంటే అసలైన పోటీ, మొదటిసారి ఆడవాళ్లదే అయింది. ఈ నలుగురి పైకి రాకే మా అమ్మాయి పుస్తకం.

బాగానే ఉంది. కానీ ఆ అర నిమిషం కుస్తీని పెట్టిందెవరు? కంపెనీయే. ఆ అన్యాయాన్ని తొలగించినట్టు ప్రకటించిందెవరు? కంపెనీయే. ఆ పోరాటగాథని అచ్చు వెయ్యడానికి అనుమతి ఇచ్చి డబ్బు తీసుకున్నదీ కంపెనీయే. మా వృత్తిలో ‘ఎవర్‌గ్రీనింగ్’ అనే మాటొకటి ఉంది. పాత అప్పు మొండిబాకీగా తేలే సమయానికి అదే మనిషికి కొత్త అప్పు రాసి, ఆ డబ్బుతో పాతది తీరినట్టు పుస్తకంలో చూపిస్తారు. పద్దు పచ్చగా ఉంటుంది, రూపాయి మాత్రం రాలేదు. ఆడవాళ్లకి పడ్డ నిజమైన బాకీని కథలో పాత్రల గెలుపుగా జమ రాస్తే నాకు ఆ పద్దే గుర్తొస్తుంది. అన్యాయంగా మాట్లాడకూడదు, కొంత రూపాయి వచ్చింది. ఆట సమయం పెరిగింది, పేరు పెరిగింది. అయితే ఆ పుస్తకం వచ్చిన 2018లోనే ఏప్రిల్ 27న సౌదీ అరేబియాలో జెడ్డాలో కంపెనీ పెద్ద ప్రదర్శన జరిపింది. అందులో ఒక్క ఆడ కుస్తీ లేదు. అక్కడ మొదటి ఆడ కుస్తీ 2019 అక్టోబరు 31న గాని జరగలేదు, అదీ ఒంటినిండా బట్ట కప్పుకుని.

ఇంతకంటే నన్ను వేధించింది పేరు సంగతి. సాషా బ్యాంక్స్ అన్నది ఆ అమ్మాయికి కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు. 2012లో కంపెనీలో చేరినప్పుడు ఇచ్చిన పేరు. అంతకుముందు చిన్న వేదికల మీద మెర్సిడెస్ కె.వి. పేరుతో ఆడేది. పదేళ్లు ఆ కొత్త పేరుకి ఒళ్లు అరువిచ్చింది. 2022 మే 16న తనతో జోడీగా ఉన్న నయోమీతో కలిసి, ప్రదర్శన జరగాల్సిన రోజే బయటికి నడిచింది. కంపెనీ వాళ్ల పట్టాలు తీసేసింది. ఇద్దరూ అందర్నీ నిరాశపరిచారని టీవీలో చెప్పించింది. 2023 జనవరి 4న టోక్యోలో ఆమె మళ్లీ కనిపించినప్పుడు పేరు మెర్సిడెస్ మోనే. పాత పేరు పాతచోటే ఉండిపోయింది.

కంపెనీ తరఫున వాదించడం నాకు తెలుసు. పేరు పెట్టింది వాళ్లు, పెట్టుబడి వాళ్లది, టీవీ సమయం వాళ్లది. ఒప్పందం మీద ఆమె సంతకం ఉంది. చట్టప్రకారం వంక లేదు. కానీ బి.కాం. రెండో ఏడాదిలో మాకు ఒక పాఠం ఉండేది. భాగస్వామి వ్యాపారంలోంచి తప్పుకుంటే, సామాన్లు, సరుకులే కాదు, అతని వల్ల దుకాణానికి వచ్చిన మంచిపేరుకి కూడా లెక్క కట్టి వాటా ఇవ్వాలి. దాన్నే గుడ్‌విల్ అంటారు. కుస్తీ మనుషుల్ని కంపెనీ భాగస్వాములనదు, ఉద్యోగులు అని కూడా అనదు, స్వతంత్ర కాంట్రాక్టర్లంటుంది. స్వతంత్రులే, పేరు తప్ప!

2018 నవంబరులో టీవీ ప్రదర్శనలో దెబ్బ తగిలి బెకీ లించ్ ముక్కు విరిగింది. రక్తం కారుతున్న ముఖంతో ప్రేక్షకుల మధ్య నిలబడిన ఆ బొమ్మే ఆమెని ఒక్కసారిగా పైకెత్తింది. రక్తం ఆమెది. బొమ్మ కంపెనీది. ఆస్తి ఒక పుస్తకంలో, అప్పు ఇంకో ఒంట్లో.

మీలో కొందరు నవ్వుకోవచ్చు, బళ్లారిలో కూర్చుని ఈయనకెందుకింత బాధ అని. చెబుతాను. చాలాకాలం కిందట ఒక పల్లె శాఖలో మేనేజరుగా ఉన్నాను. కుదువ పెట్టిన నగలు విడిపించుకోలేనివాళ్లకి వేలం నోటీసులు వెళ్లేవి. అందులో ఒక్క వాక్యం నాది కాదు, పైనుంచి వచ్చిన నమూనా. కింద సంతకం మాత్రం నాది. ఒకావిడ కౌంటరు ముందు నిలబడి, “నీ చేతులు పడిపోనూ” అంది. ఆ గుంపులో నేను నోరెత్తలేదు. అప్పుడు నేను వేషంలో ఉన్నాను. ఆ తిట్టు కుర్చీకి తగిలిందా నాకు తగిలిందా? కుర్చీకేనని అప్పటి మా ఎటెండరు నన్ను ఓదార్చాడు. కానీ బదిలీ అయి వస్తున్నప్పుడు కుర్చీ అక్కడే ఉండిపోయింది. నన్ను చూసి డిపాజిట్లు వేసినవాళ్ల డబ్బూ అక్కడే ఉండిపోయింది, ఉండాలి కూడా. తిట్టు ఒక్కటే నా వెంట వచ్చింది. అయినా నాకు ఒక అదృష్టం మిగిలింది. పెట్టె సర్దుకున్నప్పుడు నా పేరు వదిలిపెట్టి వెళ్లమని ఎవరూ అనలేదు.

తాతయ్య మాట మళ్లీ గుర్తొచ్చింది. ఆయన “హరిశ్చంద్రుణ్ణి చూశాను” అనేవారు కాదు. “రాఘవని చూశాను” అనేవారు. నాటకం ముగిశాక వేషం పెట్టెలోకి, పేరు మనిషితో ఇంటికి. ఆడవేషాలు ఆడవాళ్లే వెయ్యాలని పట్టుబట్టినవాడు రాఘవ. తమ పేరుతో రంగం మీద నిలబడటానికి వాళ్లెంత నింద మోశారో తాతయ్య చెప్పేవారు. నింద మోసినా, ఆ పేరు వాళ్లదే.

బొమ్మల పుస్తకంలో ఇంకో చిక్కుంది. టీవీ కెమెరా మనిషిని బయటినుంచే చూపిస్తుంది. బొమ్మకథ బట్టలు మార్చుకునే గదిలోకీ, దారి ప్రయాణాల్లోకీ, అవసరమైతే తలలోకీ వెళ్లి, మనసులో మాటని కూడా ఒక పెట్టెలో గీసి రాసేస్తుంది. సాషా బ్యాంక్స్ ఏమనుకుంటోందో చెప్పే అధికారం ఇప్పుడు మెర్సిడెస్‌కి లేదు. హక్కుల పేజీకి ఉంది.

ఇదంతా అమ్మాయికి చెప్పాను. అది చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరవాత, “మరి నేనేం చెయ్యాలి నాన్నా? ఆవిణ్ణి నేను ఎరిగింది ఈ పేరుతోనే. అర నిమిషం ఆట చూసి గొడవ చేసినవాళ్లలో నా వయసు పిల్లలు ఎంతమందో. ఇది అమ్మేసుకుంటే వాళ్లకి ఒరిగేదేమిటి?” అంది.

నేను జవాబు చెప్పలేదు. పుస్తకం అడిగి తీసుకుని, ఈసారి మొదటి పేజీనుంచి చదివాను. పన్నెండు దాటింది. వాళ్లమ్మ వచ్చి లైటు ఆర్పమంది. ఇంకో నాలుగు పేజీలున్నాయన్నాను.