స్వయంభూ గాంధారం

లాలాపేటలో మా మేడగదికి రేకుల కప్పు. ఎండలు ముదిరితే వీణ మీద మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా బతుకంతా గడిపినవాణ్ణి, మెట్ల మేళం నేనే కట్టుకుందామని ఓ వేసవిలో కూర్చున్నాను.

షడ్జానికి పంచమం పట్టాను. ఆ పంచమాన్నే షడ్జమనుకుని దానికి మళ్లీ పంచమం. అలా రిషభం, ధైవతం, గాంధారం... పై స్థాయికి పోయినప్పుడల్లా కిందికి దించుకుంటూ వచ్చాను. పన్నెండో అడుగులో షడ్జం దొరకాలి. దొరకలేదు. తీగ బారు 80 సెంటీమీటర్లనుకుంటే తారషడ్జం సరిగ్గా సగంలో, 40 దగ్గర పడాలి. నాది అర సెంటీమీటరు దాటి కుండ వైపు జరిగింది. ఫిట్టర్ కంటికి అది చిన్న తేడా కాదు. కొలత మళ్లీ తీశాను, అంతే.

రామాలయం భజనలో ఈ సంగతి చెబితే ఒక పెద్దాయన అడిగారు: "నాదం బ్రహ్మమంటాం గదా, మరి బ్రహ్మంలో ఈ వెలితేంది?"

ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. లెక్క సంగతి తేలికే. పంచమం మూడుకు రెండు, స్థాయి రెండుకు ఒకటి. మూళ్లు ఎన్నిసార్లు హెచ్చవేసినా బేసే, రెళ్లు సరే. పన్నెండు పంచమాలకు 5,31,441. ఏడు స్థాయిలకు సరిపెట్టబోతే 5,24,288. హార్మోనియం ఆ ఎడాన్ని పన్నెండు పంచమాలకూ పంచి దాచేస్తుంది.

జవాబు తంబూర దగ్గర దొరికింది. మంద్ర తీగ ఒక్కటే మీటితే, నాదం సన్నబడే వేళ ఎవరూ మీటని గాంధారం అందులోంచి లేస్తుంది. నేను నాలుగు పంచమాలు ఎక్కి పట్టిన గాంధారం దానికన్నా 81కి 80 వంతున హెచ్చు; భరతుడి ప్రమాణశ్రుతికి పండితులు కట్టే కొలత ఇదే. 1550లో స్వరమేళకళానిధి రాసిన రామామాత్యుడు తీగలో తమంతట పుట్టే స్వరాలను స్వయంభువులన్నాడు. గుళ్లో దేవుడికి వాడే మాట!

అడుగడుగునా కొత్త షడ్జాన్ని ప్రతిష్ఠించుకుంటూ పోయింది నేను. తంబూర షడ్జం కదలనే లేదు. పెద్దాయనకు అదే చెప్పాను: వెలితి నా నడకది, బ్రహ్మానిది కాదు.

మీ ఇంట తంబూర ఉంటే ఈ రాత్రి మంద్ర తీగ మీటి, అది పూర్తిగా ఆగేదాకా చెవి ఒగ్గండి.