చల్లని నీడకూ లెక్క ఉంది

వానాకాలం ముగిసి చెరువులు నిండగానే నిజామాబాద్, బోధన్ ప్రాంతాల్లో ఆదివారాలకు కొత్త కళ వస్తుంది. టిఫిన్ డబ్బాలు, చాపలు, పిల్లల బ్యాటూ బంతీ సర్దుకుని కుటుంబాలు బయల్దేరుతాయి. కొందరు పట్టణానికి పది కిలోమీటర్ల దూరంలో ఉన్న అలీసాగర్‌కు వెళ్తారు. కొందరు నిజాంసాగర్ ఆనకట్ట చూడటానికి వెళ్తారు. మరికొందరు ఇంకాస్త దూరమైనా అడవి మధ్యనున్న పోచారం సరస్సుకు వెళ్తారు. పండుగ మర్నాడైతే ఇక చెప్పనవసరం లేదు.

ఇలాంటి ప్రయాణానికి ముందు మన ఇళ్ళలో తరచూ ఒక సంభాషణ వినిపిస్తుంది. "దాదాజాన్, మీరూ రండి" అంటాడు మనవడు. "చెట్లూ గుట్టలూ చూస్తే ఏమొస్తుంది బేటా? ఆ సమయంలో నాలుగు పేజీల ఖుర్ఆన్ చదువుకుంటే పుణ్యమైనా దక్కుతుంది" అంటారు తాతగారు. "ప్రతిదానిలోకీ దీన్‌ను ఎందుకు తెస్తారు దాదాజాన్? ఒక్క రోజు సరదాగా ఉండనివ్వండి" అని మనవడి జవాబు.

పైకి చూస్తే ఇద్దరివీ విరుద్ధమైన అభిప్రాయాలు. కాస్త ఆలోచిస్తే ఇద్దరూ ఒకే మాట అంటున్నారని తెలుస్తుంది. అడవికీ, ధర్మానికీ సంబంధం లేదన్నదే ఆ మాట. సంబంధం లేదు కాబట్టి వెళ్ళడం వృథా అని పెద్దాయన అనుకుంటున్నారు. సంబంధం లేదు కాబట్టి అక్కడ ఎలాగైనా ఉండవచ్చని కుర్రవాడు అనుకుంటున్నాడు. ఈ ఇద్దరి గురించీ ఇస్లాం ఏమంటుందో చూద్దాం.

విహారం తప్పా?

ముందుగా పెద్దాయన సందేహం తీసుకుందాం. హజ్రత్ హంజలా (ర) అనే ప్రవక్త సహచరునికి ఒకసారి పెద్ద దిగులు పట్టుకుంది. దైవప్రవక్త (స) సన్నిధిలో ఉన్నప్పుడు స్వర్గనరకాలు కళ్ళెదుట ఉన్నట్టే అనిపిస్తుంది. ఇంటికి వెళ్ళి భార్యాబిడ్డల్లో, పనుల్లో పడితే ఆ స్థితి ఉండదు. ఇది కపటత్వమేమో అని ఆయన భయపడ్డారు. దైవప్రవక్త (స) ఆయన్ని మందలించలేదు. మనిషి ఎల్లవేళలా ఆ స్థితిలోనే ఉంటే దైవదూతలే వచ్చి దారిలో కరచాలనం చేసేవారని, కాని దానికొక సమయం, దీనికొక సమయం ఉంటుందని ఓదార్చారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. శరీరానికీ, కుటుంబానికీ మనపై హక్కు ఉందని కూడా ఆయన (స) బోధించారు. కాబట్టి భార్యాపిల్లల్ని ఒక రోజు పచ్చని చోటుకు తీసుకువెళ్ళడం తప్పు కాదు. సంకల్పం మంచిదైతే అది పుణ్యకార్యమే.

అంతే కాదు. భూమిపై సంచరించి సృష్టి ఎలా ఆరంభమయిందో చూడమని దివ్యఖుర్ఆన్ అన్‌కబూత్ సూరాలో ఆదేశిస్తోంది. ఒంటెను, ఆకాశాన్ని, పర్వతాలను, పరచిన నేలను చూడరా అని గాషియా సూరా ప్రశ్నిస్తోంది. నాలుగు పేజీలు చదివి లేచిన పెద్దాయనను ఆ పేజీలే బయటికి వెళ్ళి చూడమంటున్నాయి!

చూడటం వేరు, గ్రహించడం వేరు

ఇక మనవడి సంగతి. భూమ్యాకాశాల్లో ఎన్నో సూచనలున్నాయని, మనుషులు వాటి పక్కనుంచే ముఖం తిప్పుకుని సాగిపోతుంటారని యూసుఫ్ సూరా తెలుపుతోంది. ఈ మాట విహారయాత్రకు వెళ్ళే వారికోసమే చెప్పినట్టు లేదూ?

పోచారం సరస్సునే తీసుకోండి. ఆలేరు వాగుపై 1916 నుంచి 1922 వరకు ఆనకట్ట కట్టడంతో అది ఏర్పడింది. చుట్టూ ఉన్న అడవి ఒకనాడు నిజాం వేటాడే చోటు. 1952లో దానిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. చుక్కల జింకలు, కణుజులు, ఎలుగుబంట్లు, చిరుతలు అక్కడ ఆశ్రయం పొందుతున్నాయి. చలికాలంలో బార్ హెడెడ్ గూస్ అనే బాతులు వస్తాయి. తెల్లని తలపై రెండు నల్లని చారలుండే ఈ పక్షులు మధ్య ఆసియా వైపునుంచి హిమాలయాలను దాటుకుని వస్తాయి. వాటి చేతిలో పటం లేదు, వెంట మార్గదర్శి లేడు. రెక్కలు చాచి ముడిచే పక్షులను ఆకాశంలో నిలిపేది కరుణామయుడు తప్ప మరెవరూ కాదని ముల్క్ సూరా చెబుతోంది. రాత్రి పడుకునే ముందు ఆ సూరా పఠించే వారు మనలో ఎందరో ఉన్నారు. దాని భావం కళ్ళెదుట ఎగురుతుంటే మాత్రం మనం సెల్‌ఫోన్‌లో ముఖం చూసుకుంటూ ఫోటో దిగి వచ్చేస్తున్నాం.

ఎవరి త్యాగంపై మన ఆనందం?

తకాసుర్ సూరా చివరి వాక్యం ప్రకారం ప్రతిఫల దినాన అనుగ్రహాల గురించి తప్పక ప్రశ్నించడం జరుగుతుంది. ఒకసారి దైవప్రవక్త (స), హజ్రత్ అబూబక్ర్ (ర), హజ్రత్ ఉమర్ (ర) ఆకలితో ఇంటినుంచి బయటికి వచ్చారు. ఒక అన్సారీ సహచరుడు వారికి ఖర్జూరాలు, మాంసం పెట్టి, చల్లని నీరిచ్చారు. ఆకలితో వచ్చి కడుపు నింపుకున్న ఆ పూట గురించి కూడా ప్రశ్న ఉంటుందని దైవప్రవక్త (స) అన్నారు. తిర్మిజీ ఉల్లేఖనంలో చల్లని నీడ ప్రస్తావన కూడా ఉంది. ఆకలితో ఉన్న ఆ మహనీయులకే నీడకూ నీటికీ లెక్క ఉంటే, విందులు చేసుకునే మనకు ఉండదా?

నిజాంసాగర్ గట్టుపై నిలబడి ఈ ప్రశ్న వేసుకోవాలి. మంజీరా నదిపై 1923లో మొదలైన ఆ ఆనకట్ట 1931లో పూర్తయింది. దానికోసం సుమారు 40 గ్రామాలను ఖాళీ చేయించారు. మనం పడవ షికారు కోరుకునే నీటి అడుగున ఒకప్పుడు ఇళ్ళు, బావులు, సమాధులు ఉండేవి. ఆ నీరు కాలువల వెంట వచ్చి బోధన్ చెరకు తోటలను పెంచింది. 1930ల చివరలో శక్కర్‌నగర్‌లో పెద్ద చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది, వేల ఇళ్ళలో పొయ్యి వెలిగింది. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ ఆగిపోయింది. అనుగ్రహం ఏ ఊరికీ శాశ్వతంగా రాసివ్వబడలేదని బోధన్ వాసులకు వేరే చెప్పాలా?

ఆనకట్ట కింద పచ్చగా బతికిన ఒక జాతి గాథ దివ్యఖుర్ఆన్‌లోనే ఉంది. యమన్ దేశంలోని సబా ప్రజలకు కుడివైపూ ఎడమవైపూ తోటలుండేవి. ప్రభువిచ్చిన ఉపాధి తిని కృతజ్ఞత చూపమన్నదే వారికి వచ్చిన ఆజ్ఞ. వారు ముఖం తిప్పుకున్నారు. కట్ట తెగి వరద వచ్చింది. తీయని తోటల స్థానంలో చేదు పండ్ల చెట్లు, కొద్దిపాటి రేగు చెట్లు మిగిలాయి. కృతజ్ఞత అంటే నోటితో "అల్‌హమ్దులిల్లాహ్" అనడం ఒక్కటే కాదు, పొందినదాన్ని కాపాడటం కూడా అని ఈ గాథ నేర్పుతోంది.

మూడు హక్కులు

అలా కాపాడాలంటే విహారానికి వెళ్ళిన విశ్వాసి మూడు హక్కులు గుర్తుంచుకోవాలి.

మొదటిది సృష్టికర్త హక్కు. ఈ సముదాయానికి భూమి అంతా మస్జిద్‌గా చేయబడింది. కొండ కొమ్మున ఒంటరిగా అజాన్ ఇచ్చి నమాజు చేసే గొర్రెల కాపరిని చూసి అల్లాహ్ సంతోషిస్తాడని హదీసులో ఉంది. మనమేమో ఊళ్ళో ఐదు పూటలూ చేసి, ఆ కొండ కొమ్ముకు చేరాక జుహర్, అసర్ పోగొట్టుకుంటున్నాం!

రెండవది మూగజీవాల హక్కు. ఒక ప్రయాణంలో కొందరు సహచరులు ఒక పక్షి పిల్లలను పట్టుకున్నారు. తల్లి పక్షి రెక్కలు కొట్టుకుంటూ తల్లడిల్లింది. దాని పిల్లలను తీసుకుని ఎవరు బాధపెట్టారని దైవప్రవక్త (స) అడిగి, వాటిని తిరిగి ఇప్పించారు. మదీనా చుట్టూ కొంత ప్రాంతాన్ని ఆయన (స) పవిత్ర క్షేత్రంగా ప్రకటించి, అక్కడ చెట్లు నరకరాదని, జంతువులను వేటాడరాదని ఆదేశించారు. అభయారణ్యం బోర్డు చూసినప్పుడు అది అటవీశాఖ నిబంధన మాత్రమే అనుకునే ముస్లిం తన ప్రవక్త (స) సంప్రదాయాన్ని మరచినట్టే.

మూడవది తోటి మనుషుల హక్కు. నీటి రేవుల్లో, దారిలో, నీడలో మలవిసర్జన చేయడం శాపానికి కారణమయ్యే పనులని అబూదావూద్ హదీసు హెచ్చరిస్తోంది. పిక్నిక్ జరిగేది సరిగ్గా ఆ మూడు చోట్లే కదా! దారిలోంచి బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసంలో భాగమైతే, చెట్టు కింద గాజు సీసా పగలగొట్టడం దేనిలో భాగం? లోతు తెలియని నీటిలోకి పందెం కట్టి దూకడం కూడా ఈ హక్కును కాలరాయడమే. ఇంటి దగ్గర ఎదురుచూసే తల్లికి కొడుకుపై హక్కు లేదా?

రేణువంత

"ఒక్క ప్లాస్టిక్ గ్లాసు పడేస్తే సరస్సు పాడవుతుందా?" అని కొందరు నవ్వుతారు. దీనికి జవాబు నిజాంసాగరే చెబుతుంది. కట్టినప్పుడు దానిలో 29 టి.ఎం.సి.లకు పైగా నీరు పట్టేది. కొన్ని దశాబ్దాల్లోనే పూడిక చేరి సుమారు 12 టి.ఎం.సి.లకు పడిపోయింది. తరువాత నీటిమట్టం ఎత్తు పెంచినా 17.8 టి.ఎం.సి.లకే చేరింది. అంత పెద్ద జలాశయాన్ని పూడ్చింది ఏ కొండచరియో కాదు. చెట్టు పోయిన నేలనుంచి, దున్నిన పొలాలనుంచి ప్రతి వానకూ కొట్టుకువచ్చిన మట్టి రేణువులు. ఏ రేణువూ తాను సరస్సును పూడుస్తున్నానని అనుకోలేదు!

రేణువంత మంచి చేసినవాడు దానిని చూసుకుంటాడని, రేణువంత చెడు చేసినవాడూ దానిని చూసుకుంటాడని జిల్‌జాల్ సూరా ప్రకటిస్తోంది. ఆ రోజు భూమి తన సమాచారాలన్నీ వివరిస్తుందని కూడా అదే సూరా చెబుతోంది. మనం కూర్చున్న గట్టు, ఆనుకున్న చెట్టు కింది నేల సాక్ష్యం చెప్పే రోజది.

కనుక తాతగారూ వెళ్ళాలి, మనవడూ వెళ్ళాలి. సంచిలో చాపతోపాటు జానమాజ్, చెత్త తిరిగి తెచ్చుకోవడానికి ఒక ఖాళీ సంచీ ఉండాలి. తాతగారు మనవడికి ఆయతులు గుర్తుచేస్తే, మనవడు తాతగారికి ఆ బాతులను చూపిస్తాడు. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు ఆ నేల మనం వెళ్ళినప్పటికన్నా కాస్త శుభ్రంగా ఉంటే, మన తరఫున సాక్ష్యం చెప్పడానికి దానికొక మాట దొరుకుతుంది.

తానిచ్చిన నీటిని, నీడను గుర్తించి, కాపాడి, కృతజ్ఞత చూపే దాసులలో అల్లాహ్ మనల్ని చేర్చుగాక! ఆమీన్.