నిలువ విద్యుత్తు, శ్రావక నియమము

సుబ్రహ్మణ్య శివ తన చివరి దినములు గడిపిన పాపారపట్టి ధర్మపురి జిల్లాలోని చిన్న ఊరు. చుట్టుప్రక్కల కొండలు, మామిడి తోటలు ఉన్నవి. ఒక వ్యాపారి కుటుంబము కారు వెనుక ట్రైలరు తగిలించుకొని, కరెంటు స్తంభము లేని ఒక తోటలో మూడు రాత్రులు విడిది చేసినదనుకొందము. విదేశములలో ఈ అలవాటు చిరకాలముగా ఉన్నది. మన దేశములోను మొదలైనది. పడకలు, పొయ్యి, దీపములు, చిన్న ఫ్రిజ్జు అన్నియు అందులోనే ఉండును. వీటికి ఆధారము ఒక్క బ్యాటరీ.

అది 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల సీసపు బ్యాటరీ అయినచో గుణించిన 1,200 వాట్-అవర్లు వచ్చును. కాని అంతయు వాడదగినది కాదు. సగమునకు మించి లాగుట సీసపు బ్యాటరీకి చేటు. అడుగంట వాడి అట్లే విడిచిపెట్టిన, పలకలపై ఏర్పడిన లెడ్ సల్ఫేటు గట్టిపడి మరల కరగదు; ఆయువు తరిగిపోవును. కావున చేతిలో ఉన్నది 600 మాత్రమే. అసలు ముట్టక వడ్డీ తినుమని పెద్దలు చెప్పిన మాటకు ఇది దగ్గరి చుట్టము. లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలో నూటికి 80 వంతులు వాడుకొనవచ్చును గాని, దాని వెల హెచ్చు.

ఇక ఖర్చు పద్దు. 5 వాట్ల దీపములు మూడు, నాలుగేసి గంటలు వెలిగిన 60. 25 వాట్ల ఫ్యాను ఎనిమిది గంటలకు 200. నాలుగు ఫోన్లకు మరి 60. మొత్తము 320. ఫ్రిజ్జు కూడ పెట్టినచో, 45 వాట్ల యంత్రము దినములో సగము వేళ మాత్రమే తిరిగినను 540 అగును. రెండును కలిపిన 860. నిలువ చాలదు. ట్రైలరు పైన 100 వాట్ల సోలార్ ప్యానెల్ ఉన్నచో ఎండ బాగున్న దినమున 400 వరకు జమ పడును. ఫ్రిజ్జు మానిన లెక్క సరిపోవును. అయితే బండిని మామిడి చెట్టు నీడలో నిలిపినవారికి ఆ జమయు లేదు. నీడ కావలెనా, కరెంటు కావలెనా అన్న తగవు మొదటి మధ్యాహ్నమే వచ్చును.

మీటరు చూచుటలోను ఓర్పు ఉండవలెను. ఛార్జి ఆపిన వెంటనే చూచిన ఎక్కువ చూపును, ఫ్యాను తిరుగుచుండగా చూచిన తక్కువ చూపును. కొన్ని గంటలు కదల్చక ఉంచి చూచినప్పుడు 12.7 వోల్టులు నిండుదనము, 12.1 దరిదాపు సగము. బాకీలు వసూలు కాకముందే లాభము లెక్కించు కొట్టుకు ఏ గతి పట్టునో, తొందరపడి మీటరు చూచువారికి అదే గతి.

రెండవ రాత్రికి ఇంటివారి నడవడి మారును. పిల్లలు చెప్పకుండగనే దీపము ఆర్పుదురు. ప్రొద్దు క్రుంకక ముందే భోజనము ముగించు ఇంటికి వంట దీపపు ఖర్చే లేదు. ఈ విషయమున జైన కుటుంబమునకు ముందుగనే కొంత లాభము. నాలుగవ దినమున ఊరు చేరుదురు. ఆ రాత్రి మనిషి లేని గదిలో కూడ దీపము వెలుగుచుండును! అయితే తోటలో వారు చేసినది నిగ్రహమా, లేక కేవలము లేమియా?

శాస్త్రము ఈ భేదమును ఏనాడో గుర్తించినది. తెలిసి, కోరి సహించినచో సకామ నిర్జర. గతిలేక సహించినచో అకామ నిర్జర. తత్త్వార్థసూత్రము ఆరవ అధ్యాయమున అకామ నిర్జరను దేవాయుష్య కారణములలో చేర్చినది. కావున దానికి ఫలమే లేదనుట తప్పు. కాని మోక్షమార్గముగ దానిని ఎంచలేదు. ఎట్లు మిగిలినను మిగిలినది మిగిలినట్లే గదా అని వ్యవహారజ్ఞులు అడుగవచ్చును. బొగ్గు లెక్కకు ఆ మాట నిజమే. మనిషి లెక్క వేరు: బ్యాటరీ పెద్దది కాగానే మాయమైపోవు పొదుపు బ్యాటరీదే గాని మనిషిది కాదు.

ఈ భేదమును ఇతరుల మీద ప్రయోగించుటలో మాత్రము జాగ్రత్త అవసరము. అదే జిల్లాలోని కోట్టూరు కొండకు 2021 శాసనసభ ఎన్నికలలో ఓటింగు యంత్రములను గాడిదలపై ఎక్కించి తీసికొనిపోయినారు. ఆ యంత్రములు సొంత బ్యాటరీతో నడచును గనుక కరెంటు లేని చోటను ఓటు పడును. మూడు రాత్రుల వినోదమునకు వచ్చినవారు అట్టి కొండవారి కష్టమును చూచి, ఆహా ఎంత నిరాడంబరమని మెచ్చుకొనుట అసభ్యము. దారి లేకపోవుట వారు పట్టిన వ్రతము కాదు.

లేమి వ్రతముగ మారుటయు కలదు. సుబ్రహ్మణ్య శివ 1908లో జైలు పాలై, అక్కడ కుష్ఠువ్యాధికి లోనైనారు. తరువాత ప్రభుత్వము ఆయనకు రైలు ప్రయాణము నిషేధించినది. ఆ నిషేధము ఆయన కోరినది కాదు. ఇంట కూర్చుండుటకు అది చాలినంత కారణమే. ఆయన కూర్చుండక కాలినడకన ఊరూర తిరిగినారు. 1925 జూలై 23న పాపారపట్టిలో కన్నుమూసినారు. రైలు లేకపోవుట ప్రభుత్వము పని, నడచుట ఆయన పని.

శ్రావకుల దేశావకాశిక వ్రతమును, ప్రతి ఉదయము తలచుకొను పదునాలుగు నియమములును ఇట్టివే. ఈ దినము ఇన్ని పదార్థములు, ఇన్ని వస్త్రములు, ఇంత దూరము అని, అన్నియు అందుబాటులో ఉండగనే హద్దు వ్రాసికొందురు. తోటలో ఉదయము వేసికొన్న 600 లెక్కకు దీనికి రూపములో తేడా లేదు. కొట్టులోను ఇంటిలోను మెయిన్ కరెంటు ఉండగా అదే లెక్క వేయగలరా అన్నదే పరీక్ష.

నెలకొక చతుర్దశి రాత్రి ఆ 600తో ఇల్లు గడుపుట కష్టము కాదు. అయితే ఆ పొదుపు ఎవరి సుఖమునుండి తీసినదన్నది ముందు చూచుకొనవలెను. యజమాని తన నియమము కొరకు ముసలి తల్లి గదిలో ఫ్యాను ఆపించినచో అది తపస్సు కాదు, హింస. ఆమె ఫ్యానుకు 200 మొదట వ్రాసి, మిగిలిన 400లో తక్కినవారు సర్దుకొనవలెను.