ఓడినవాని ధర్మము

అధికారము నెట్లు సంపాదింపవలెనో బోధించు గ్రంథములు లోకమున ననేకములు గలవు. దాని నెట్లు విడువవలెనో బోధించునవి మిక్కిలి యరుదు. రాజనీతిజ్ఞులు జయోపాయములను విస్తరించి చెప్పుదురు. పరాజితుని కర్తవ్యమును గూర్చి రెండు మాటలైన జెప్పుట కానరాదు. కాని ప్రజాప్రభుత్వమునకు బ్రాణము గెలిచినవాని సామర్థ్యమున గాక ఓడినవాని నడవడియందే యున్నదని నా యభిప్రాయము. ఇందులకు దృష్టాంతముగా, ఆఫ్రికా ఖండపు దక్షిణభాగమందలి బోట్స్వానా దేశమున 2024 వ సంవత్సరము అక్టోబరు 30 వ తేదీని జరిగిన శాసనసభా ఎన్నికలను దీసికొని విచారింతము.

బోట్స్వానా విశాలమైన దేశమే గాని జనసంఖ్య స్వల్పము. కలహరి యెడారి యందు బెద్దభాగము నాక్రమించియున్నది. జనులు సుమారు 25 లక్షలు మాత్రమే. 1966 వ సంవత్సరము సెప్టెంబరు 30 వ తేదీని ఆ దేశము బ్రిటిషు పాలననుండి విముక్తమయ్యెను. మరుసటి యేట ఒరాపా యనుచోట వజ్రములు బయల్పడెను. ఆ ధనముతో బాఠశాలలు, బాటలు, వైద్యశాలలు వెలసెను. ఇన్నాళ్లును దేశమును బాలించినది యొక్కటే పక్షము. దాని పేరు బోట్స్వానా డెమొక్రటిక్ పార్టీ. 1965 లో జరిగిన మొదటి ఎన్నికలలో 31 స్థానములకు 28 గెలిచిన నాటినుండి, 2019 వరకు బ్రతి ఎన్నికయందును జయము దానిదే.

2024 లో ఈ క్రమము తలక్రిందులయ్యెను. ఎగుమతులలో నూటికి సుమారు 80 వంతులు వజ్రములే యగుటచే, ప్రపంచ విపణిలో వాని గిరాకి తగ్గగానే ప్రభుత్వపు బొక్కసము చిక్కిపోయెను. చదువుకొన్న యువకులు పనులు లేక తిరుగుచుండిరి. పక్షమును స్థాపించిన సెరెట్సే ఖామా కుమారుడును, 2008 నుండి 2018 వరకు దేశాధ్యక్షుడును నైన ఇయాన్ ఖామా, తన తరువాత నధ్యక్షుడైన మొక్‌వీట్సీ మసీసీతో విరోధించి పక్షమునే విడిచిపెట్టెను. ఫలితములు వెలువడునప్పటికి 61 స్థానములలో అంబ్రెల్లా ఫర్ డెమొక్రటిక్ ఛేంజ్ అను కూటమికి 36, బోట్స్వానా కాంగ్రెస్ పార్టీకి 15, బోట్స్వానా పేట్రియాటిక్ ఫ్రంటునకు 5 వచ్చెను. ఐదేండ్ల క్రిందట 57 స్థానములలో 38 గెలిచిన పాలకపక్షమునకు దక్కినవి నాలుగు మాత్రమే. మిగిలిన యొక్కటి స్వతంత్రుని పాలయ్యెను.

లెక్కింపు పూర్తిగా ముగియకముందే, నవంబరు 1 వ తేదీని మసీసీ తన యోటమి నంగీకరించి, అధికారమును సక్రమముగా నప్పగింతునని ప్రకటించెను. నాడే కూటమి నాయకుడును న్యాయవాదియునైన డూమా బోకో అధ్యక్షుడుగా బ్రమాణము చేసెను. వీథులలో సైనికులు నిలువలేదు, తుపాకి పేలలేదు. లోకమెల్ల మసీసీ యౌదార్యమును గొనియాడెను.

ఇచట మనము కొంచెము నిలిచి యాలోచింపవలెను. ఇది యౌదార్యమా? పొరుగువాడు తీర్థయాత్రకు బోవుచు నగలపెట్టె నొకని యింట దాచిపోయెననుకొందము. తిరిగివచ్చి యడిగినపుడు పెట్టె నప్పగించినవానిని దాత యని యెవ్వరైన బిలుతురా? తనదానిని విడిచినవాడు దాత. పరునిదానిని మరల్చినవాడు నిజాయితీపరుడు మాత్రమే. కావున నోడిన పాలకుని దాతవలె స్తుతించుటలో నొక ప్రమాదమున్నది: అధికారము వాని సొత్తేయని మన మెరుగకయే యొప్పుకొన్నవారమగుదుము. అయినను మనము స్తుతింపక మానము. ఏలన నా పెట్టె నప్పగింపనివారు లోకమున బెక్కురు. ఆ యక్టోబరు నెలలోనే మొజాంబిక్ దేశమున నెన్నికల ఫలితములు వివాదగ్రస్తములై, వీథులలో జనుల ప్రాణములు పోయెను. సామాన్య ధర్మమును బాటించినవాడు మహాత్మునివలె గనబడుట లోకపు దుఃస్థితికే గుర్తు.

ఇక నొక బలమైన యాక్షేపణ కలదు. గెలిచిన కూటమికి వచ్చిన వోట్లు నూటికి సుమారు 37. ఓడిన పక్షమునకు సుమారు 30. వోట్లలో భేద మింత స్వల్పమై యుండగా, స్థానములలో 36 కును 4 కును గల యగాధ మేమి న్యాయము? ప్రతి నియోజకవర్గమునను దక్కినవారికంటె నొక్కవోటు హెచ్చుగా వచ్చినవానిదే స్థానమను నియమమే యిందులకు గారణము. ఇది ప్రజాభిప్రాయమునకు సరియైన ప్రతిబింబము గాదని యోడినవాడు వాదింపవచ్చును. ఆ వాదమున సత్యము లేకపోలేదు. కాని 2014 లో నదే పక్షము నూటికి 47 కంటె దక్కువ వోట్లతో 57 స్థానములలో 37 గైకొని పాలించెను. అపుడు తీయనైన ఫలము నిపుడు చేదనుట చెల్లదు. ఆట ముగిసిన పిదప నియమమును దూషించి ఫలితమును ద్రోయుట ఓడినవాని హక్కు గాదు. ఆటకు ముందు దానిని సవరింపకుండుట గెలిచినవాని దోషము. ఈ దోషభార మిపుడు క్రొత్త పాలకుల శిరస్సుపై బడినది. నూటికి 63 మంది తమ్ము గోరలేదను మాటను వారు మరువరాదు.

మరియొక యాక్షేపణ యింతకంటె సూక్ష్మమైనది. "నేను దిగినచో దేశము చెడును, ప్రజల మేలుకొరకే నేను దిగను" అని పాలకుడు నిష్కపటముగానే నమ్మవచ్చును. దుష్టుని లోభముకంటె సజ్జనుని యీ నమ్మకమే యెక్కువ యపాయకరము. లోభి కొకప్పుడైన సిగ్గు కలుగును. మేలుచేయుచున్నానని నమ్మినవానికి సిగ్గు పుట్టదు. తన మేలు తాము నిర్ణయించుకొను స్వాతంత్ర్యమును హరించి చేయు మేలు, ఎంతటిదైనను, పెద్దవారిని బసిపిల్లలుగా జేయును.

ఈ నీతి బోట్స్వానాకు బయటినుండి వచ్చినది గాదు. అచటి గ్రామములలో క్గోట్లా యను సభ పూర్వమునుండి కలదు. రాజు ప్రజలవలననే రాజు అనియు, క్గోట్లాలో బలికిన మాటలన్నియు సుందరములే యనియు ట్స్వానా భాషలో సామెతలున్నవి. సెరెట్సే ఖామా స్వయముగా రాజవంశీయుడు. ఆంగ్లవనితను వివాహమాడినందున బ్రవాసమున నుంచబడి, 1956 లో దన రాచరికపు హక్కును వదలుకొని స్వదేశమునకు మరలెను. పిమ్మట వోట్లమూలముననే నాయకుడయ్యెను.

అట్లని ప్రాచీనమైనదెల్ల న్యాయమని మురియరాదు. ఆ క్గోట్లాలో జిరకాలము స్త్రీలకు మాటాడు హక్కు లేకుండెను. విదేశీయుని బెండ్లాడిన స్త్రీ తన బిడ్డలకు దన దేశపు పౌరత్వము నీయజాలదను శాసనముపై యూనిటీ డౌ అను న్యాయవాదిని పోరాడి, 1992 లో నప్పీలు న్యాయస్థానమున జయింపవలసివచ్చెను. 2024 లో నెన్నికైనవారిలో గూడ స్త్రీల సంఖ్య మిక్కిలి యల్పము. సుందరములైన మాట లన్నియు నింకను వినబడలేదన్నమాట.

పాఠకులారా! అధికారమును మరల్చు నభ్యాసము శాసనసభలో మొదలుకాదు. కోడలికి దాళపుచెవు లప్పగింపజాలని యత్తయు, ఎదిగిన కుమారుని సలహాను ధిక్కారముగా దలచు తండ్రియు, "నేను లేనిచో నీ యిల్లు నిలువదు" అనుచునే యుందురు. అట్టి యిండ్లలో బెరిగినవారు గద్దె నెక్కి, తమంతట దాము దిగుదురని యెట్లు నమ్మగలము?

బోకో 2019 లో నోడినపుడు, అక్రమములు జరిగెనని న్యాయస్థానముల కెక్కి, అచటను విఫలుడై, మరల వోటరులయొద్దకే వచ్చెను. ఓడినవాడుగా నాతడు బరీక్షలో నెగ్గెను, మసీసీయు నెగ్గెను. పాలకుడై యోడినపు డాతడేమి చేయునో యన్నదే మిగిలిన పరీక్ష. నిక్షేపమును మరల్చుట యొక్కమారు జరిగిన వార్త యగును. పలుమారులు జరిగిన నాచారమగును. దానిని బొగడవలసిన యవసరము లోకమునకు దీరిన నాడే ప్రజాప్రభుత్వము స్థిరపడినదని చెప్పవచ్చును.