గోడ రంగు, ఇంటి రంగు



బోధను దగ్గర చెరకు పొలముల నడుమనున్న ఒక పల్లెలో, క్రిస్మసుకు ముందు, ఒక సహోదరి ఇంటికి వెళ్లితిని. గోడలకు క్రొత్త సున్నము, అడుగున ఎర్రని జాజుపట్టె. "ఇల్లు కళకళలాడుతున్నదమ్మా" అని మెచ్చుకొని, ప్రార్థన చేసి వచ్చితిని. గల్ఫు దేశమునకు పోయిన ఆమె కుమారుని కబురు తెలిసి ఆరు నెలలైనదనియు, ఆమె అనేక దినములు పస్తులుండెననియు పిమ్మట ఇతరులవలన వింటిని. నేను గోడను చూచితిని గాని ఇంటిని చూడలేదు.

ఇది నా మనస్సులో ముల్లై యుండగా, ఒక పుస్తకములో కార్ల్ ష్మిట్ రొట్లుఫ్ అను జర్మను చిత్రకారుని చిత్రములు కంటబడెను. 1905లో డ్రెస్డెను నగరమున 'వంతెన' అను చిత్రకారుల సంఘమును స్థాపించిన నలుగురిలో ఆయన ఒకడు. 1907 మొదలుకొని కొన్ని సంవత్సరములు ఉత్తర సముద్రతీరమందలి డాంగాస్ట్ అను పల్లెకు పోయి, అక్కడి ఇండ్లను కంటికి కనబడిన రంగులతో గాక, హృదయమునకు తోచిన రంగులతో చిత్రించెను. "లేని రంగు వేయుట అబద్ధము కాదా?" అని మొదట నేననుకొంటిని.

1937లో మ్యూనికు నగరమున హిట్లరు కూడ నీలపు పొలములను, ఆకుపచ్చ ఆకాశమును చిత్రించువారిని దూషించెను. ఆ యేడే ష్మిట్ రొట్లుఫ్ గీసిన 608 చిత్రములు మ్యూజియములనుండి తీసివేయబడెను. 1941లో ఆయనకు చిత్రించుటయే నిషేధింపబడెను. అయితే ఆకాశమునకు సరియైన రంగు కోరిన ఆ ప్రభుత్వమే, ఆ నగరమునకు చేరువనున్న డాకౌలో 1933లోనే నిర్బంధ శిబిరమును తెరచియుండెను. అబద్ధమాడినది ఎవరు? పైకి తెల్లగానుండి లోపల మరణమును దాచుదానిని మన ప్రభువు సున్నము కొట్టిన సమాధితో పోల్చెను గదా!

నిర్గమకాండము 12వ అధ్యాయము తలంచుడి. ఆ రాత్రి ఇశ్రాయేలీయుల ద్వారబంధములకు పూసిన ఎరుపు ఆ కఱ్ఱ సహజవర్ణము కాదు, అలంకారమును కాదు. లోపలివారు ఎవరి కృపను నమ్మి కూర్చుండిరో అది తెలిపెను. ఆ వీధిలో అంతకంటె సత్యమైన రంగు లేదు. కాబట్టి రంగు కంటికి సరిపోయెనా అనునది చిన్న ప్రశ్న. అది లోపలి సంగతిని తెలుపుచున్నదా, దాచుచున్నదా అనునదే పెద్ద ప్రశ్న.

ఆ సహోదరి వేసిన సున్నము వేషధారణ కాదు. దుఃఖములో సయితము ప్రభువు జన్మదినమును ఘనపరచవలెనని ఆమె వేసినది. దోషము నా చూపులోనే యుండెను.

మరల వెళ్లితిని. ఈసారి గోడను పొగడలేదు. చాపమీద కూర్చుండి, "తిన్నవా అమ్మా?" అని అడిగితిని. ఆమె కొంగు నోటికి అడ్డము పెట్టుకొని చాలసేపు ఏడ్చెను. అప్పుడే ఆ ఇంటి రంగు నాకు కనబడెను.

సహోదరులారా, ఈ పండుగకు మీరును ఇంటింటికి వెళ్లుదురు. గడప దాటక ముందు, హృదయమును చూచు దేవుని కన్నును ఒక్క క్షణము అడుగుకొనుడి.